బోరు నీళ్లకు మందుల వాసన వస్తోంది, టీడీఎస్ మాత్రం బాగానే ఉంది. మరిగించి తాగొచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. నల్గొండ వైపు, హైవే పక్కన చిన్న మున్సిపాలిటీ. మీ వార్డులో బోరు నీళ్లనే ట్యాంకుకు ఎక్కించి వదులుతారు. రెండు నెలలుగా పొద్దున నల్లా తిప్పగానే మందుల షాపులో అడుగుపెట్టినట్టు వాసన. ఊరికి కిలోమీటరున్నర దూరంలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలున్నాయి. మున్సిపాలిటీ వాళ్లు నీళ్లు పరీక్ష చేయించి ‘తాగడానికి పనికొస్తాయి’ అన్నారు. ఆర్‌ఓ మిషన్లు అమ్మే అబ్బాయి మీటరు పెట్టి టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) 380 చూపించాడు, ఏం ఫర్వాలేదు, కావాలంటే మా మిషన్ పెట్టుకోండి అన్నాడు. ఇంట్లో ఐదు నెలల పాప ఉంది. మరిగించి తాగితే చాలా, ఆర్‌ఓ కొనాలా అని అడిగారు.

తాగకండి. వంటకూ వాడకండి. మరిగించినా వద్దు. ఆర్‌ఓ కూడా ఇప్పుడే కొనకండి. ఈ రోజు నుంచే తాగడానికి, వండడానికి వేరే చోటి నీళ్లు తెచ్చుకోండి. ఆ తర్వాత ఏ పరీక్షలు కావాలో పేరు పెట్టి అడిగి చేయించండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

నేను నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టుగా 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువగా చూసినవి ఉమ్మడి నల్గొండ, మెదక్ జిల్లాల నీళ్లే. డాక్టర్ని కాను కాబట్టి జబ్బుల గురించి నా పరిధి దాటి చెప్పను. నీళ్ల గురించి మాత్రం నమ్మకంగా చెప్పగలను.

మరిగించడం సంగతి ముందు చూద్దాం. మన ఇళ్లలో పసిపిల్లలకు, బాలింతలకు కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వడం తరతరాలుగా ఉన్న మంచి అలవాటు. అది క్రిములకు మందు. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చేవన్నీ మరుగుతున్న నీళ్లలో చచ్చిపోతాయి. కెమికల్ చావదు. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం, ఆర్సెనిక్ లాంటివి నీళ్లలో ఉంటే, ఆవిరై పోయేది నీరు మాత్రమే. ఆ పదార్థమంతా గిన్నెలోనే ఉంటుంది. రెండు లీటర్లు పెట్టి లీటరున్నర అయ్యేదాకా కాచారనుకోండి, మిగిలిన లీటరున్నరలో మొదటి రెండు లీటర్ల ఫ్లోరైడూ ఉంటుంది. అంటే చిక్కబడుతుంది. పప్పు ఉడికించినా, గంజి కాచినా ఇదే లెక్క.

మీ నీళ్లలో వాసన ఉంది కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. వాసన వచ్చిందంటే ఏదో గాల్లోకి లేస్తోందని అర్థం. ఫ్యాక్టరీల్లో వాడే టోలూన్, డైక్లోరోమీథేన్ (పనివాళ్లు ఎండీసీ అంటారు), క్లోరోఫాం లాంటి సాల్వెంట్లు (వేరే పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాలు) వేడికి తొందరగా ఆవిరవుతాయి. అవి పోతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ పోయేది మీ వంటింటి గాల్లోకే. పాపను ఒళ్లో పెట్టుకుని ఆ పొయ్యి దగ్గర నిలబడితే పీల్చేది అదే. అందుకే ఆ నీళ్లను వేడిచేసి తలుపులేసిన స్నానాలగదిలో పాపకు స్నానం చేయించవద్దు. పెద్దవాళ్లు తప్పక వాడాల్సి వస్తే చన్నీళ్లతో, కిటికీ తెరిచి, తొందరగా ముగించుకోండి.

ఇక టీడీఎస్. నీళ్ల విషయంలో మనవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టిస్తున్నది ఈ మీటరే అని నా అభిప్రాయం. పెన్నులాంటి ఆ మీటరు నిజానికి కొలిచేది ఒక్కటే, నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతోందన్నది. దాన్నిబట్టి ఉప్పులు ఇంత ఉండొచ్చని అంచనా కట్టి అంకె చూపిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్ లాంటివి కరెంటును పారనిస్తాయి కాబట్టి వాటి మొత్తం తెలుస్తుంది. సాల్వెంట్లకు ఆ గుణం లేదు. గ్లాసుడు మంచినీళ్లలో నాలుగు చుక్కల టోలూన్ వేసి మీటరు పెట్టినా అంకె కదలదు. పురుగుమందులూ అంతే. సీసం పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. దానికి పది రెట్లున్నా, ఒక్కో అంకె చొప్పున మారే మీటరు దాన్ని పట్టుకోలేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం (బీఐఎస్ వాళ్ల ఐఎస్ 10500) టీడీఎస్ 500 లోపు ఉండాలంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. మీ 380 ఆ లెక్కన మంచి అంకె. అది నీళ్లలో ఉప్పు తక్కువని చెబుతోంది, అంతే. విషం లేదని చెప్పడం లేదు.

ఆ అబ్బాయి మళ్లీ వచ్చి రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీల పరికరం ముంచి చూపించవచ్చు. మీ నల్లా నీళ్లు క్షణాల్లో ఆకుపచ్చగా, తర్వాత గోధుమరంగులో బురదలా అవుతాయి. వాళ్ల ఆర్‌ఓ నీళ్లు తేటగా ఉంటాయి. చూసినవాళ్లకు కడుపులో తిప్పుతుంది. నిజానికి ఆ బురద మీ నీళ్లలోది కాదు, కరెంటుకు కరిగిన ఆ కడ్డీల ఇనుముది. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు లేదు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఆ తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అవీ అలాగే అవుతాయి. మీ నీళ్లలో సమస్య ఉందనే నేనూ అంటున్నాను. కానీ దానికి రుజువు ఇది కాదు.

ఇప్పుడు మున్సిపాలిటీ రిపోర్టు. దీని గురించి రాయడం నాకు కష్టం, కానీ మీకు తెలియాలి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్లలో, ఒక పారిశ్రామికవాడ పక్క ఊరి సర్పంచ్ గారు రెండు లీటర్ల క్యానులో నీళ్లు తెచ్చారు. మా దగ్గర అప్పుడు ఒక మామూలు జాబితా ఉండేది: రంగు, మడ్డి, పీహెచ్, టీడీఎస్, గట్టిదనం, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫ్లోరైడ్, ఇనుము, ఇంకో రెండు మూడు. అన్నీ పరిమితిలోనే వచ్చాయి. ‘తాగుటకు యోగ్యము’ అని స్టాంపు వేసి సంతకం పెట్టాను. క్యాను మూత తీసినప్పుడు నాకు వాసన వచ్చింది. రిజిస్టర్లో ‘వాసన: స్వల్పం’ అని నా చేత్తోనే రాశాను కూడా. జాబితాలో ఉన్న పరీక్షలన్నీ పాసయ్యాయి కాబట్టి అక్కడితో ఆగిపోయాను. ఆ కాగితాన్ని ఊళ్లో పంచాయతీ గోడకు అంటించారు. ఎనిమిది నెలల తర్వాత వేరే ల్యాబులో చేయిస్తే ఆ బోరులో టోలూన్, డైక్లోరోమీథేన్ రెండూ దొరికాయి. ఆ ఎనిమిది నెలలూ నా సంతకం చూసి జనం ఆ నీళ్లు తాగారు. ఆ తర్వాత నేను సంతకం పెట్టిన ప్రతి రిపోర్టు మీదా ‘పరీక్షించిన అంశాల మేరకు మాత్రమే’ అని చేత్తో రాశాను, రిటైరయ్యే రోజుదాకా.

కాబట్టి ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. అందులో ఏమేం పరీక్షించారో చదవండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. చాలావరకు అందులో నేను పైన చెప్పిన మామూలు జాబితానే ఉంటుంది. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. వాళ్లు అడిగిన ప్రశ్న వేరు, మీకున్న సమస్య వేరు.

నమూనా ఎక్కడ, ఎప్పుడు పట్టారన్నది కూడా చూడండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణం కథ మీరు వినే ఉంటారు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఊరి నీళ్లను ఫ్లింట్ నదికి మార్చారు. పైపులు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగునీళ్ల సీసాలు పట్టుకుని ఆఫీసులకు తిరిగితే నీళ్లు బాగున్నాయని చెప్పి పంపారు. అక్కడ నమూనా పట్టే ముందు నల్లాను కాసేపు వదిలేయమని ఇళ్లవాళ్లకు సూచనలిచ్చారు. అలా వదిలేస్తే పైపులో పేరుకున్న సీసం కొంత ముందే మోరీలోకి కొట్టుకుపోతుంది, సీసాలో పట్టిన నీళ్లలో తక్కువ కనిపిస్తుంది. 2015లో మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు పిల్లల రక్తంలో సీసం పెరిగిందని రికార్డులు చూపించాకే ఆ ఊరికి పాత నీళ్లు తిరిగొచ్చాయి. మీది సీసం సమస్య అని నేననడం లేదు. ఒకే నల్లా నీళ్లు పట్టిన వేళనుబట్టి వేరే రిపోర్టు ఇస్తాయని చెప్పడానికే ఇది.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపిన ముక్క ఒకటుంది. వాసన పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది అన్నారు. మీ ట్యాంకులో బ్లీచింగ్ ఎప్పుడు కలుపుతారో వాటర్‌మ్యాన్‌ను అడగండి. పొద్దున్నే అయితే, ఫినాల్ జాతి పదార్థం ఉందేమోనని చూడాలి. నీళ్లలో ఫినాల్ అతి కొద్దిగా ఉన్నప్పుడు మన ముక్కుకు తెలియకపోవచ్చు. క్లోరిన్ తగలగానే క్లోరోఫినాల్ తయారవుతుంది, అదే ఆసుపత్రి వాసన. అందుకే ప్రమాణంలో ఫినాల్‌కు లీటరుకు 0.001 మిల్లీగ్రాము మాత్రమే పరిమితి పెట్టారు. ఉత్త క్లోరిన్ వాసన వేరు, అది స్విమ్మింగ్‌పూల్ వాసనలా ఉంటుంది. అది కొంచెం ఉండటం మంచిదే, నల్లా చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలన్నది నియమం. కుళ్లిన గుడ్డు వాసనైతే హైడ్రోజన్ సల్ఫైడ్. పెట్రోలు వాసనైతే దగ్గర్లో బంకు ట్యాంకు కారుతోందేమో చూడాలి. కొత్తగా పైపు వేసి గమ్ము పెడితే కూడా నాలుగు రోజులు సాల్వెంటు వాసన వస్తుంది, మీ ఇంట్లో ఈమధ్య ప్లంబింగ్ పని జరిగిందేమో గుర్తు చేసుకోండి. మీ గల్లీ మొత్తానికి వస్తోందన్నారు కాబట్టి అది కారణం కాకపోవచ్చు.

ఇప్పుడు పరీక్షకు నీళ్లు పట్టే పద్ధతి. ఇందులో పొరపాటు జరిగితే డబ్బూ పోతుంది, తప్పు ధైర్యమూ వస్తుంది.

మూడు చోట్ల పట్టండి. బోరు దగ్గర బ్లీచింగ్ కలపకముందు, ట్యాంకు దగ్గర, మీ ఇంటి నల్లా దగ్గర. బోరు దగ్గర మోటరు పది పదిహేను నిమిషాలు నడిచాక పట్టాలి. ఇంటి దగ్గర పొద్దున నల్లా తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు ఒక సీసాలో, ఐదు నిమిషాల తర్వాత ఇంకో సీసాలో. మామూలు పరీక్షలకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ క్యాను చాలు, అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. సాల్వెంట్ల పరీక్షకు మాత్రం ప్లాస్టిక్ వద్దు. ల్యాబు వాళ్లిచ్చే ముదురురంగు గాజు సీసాలో, ధార చప్పుడు లేకుండా అంచు దాకా నింపి, లోపల గాలి బుడగ మిగలకుండా మూత పెట్టాలి. తలకిందులు చేసి చూడండి, బుడగ కనిపిస్తే మళ్లీ పట్టండి. ఆ బుడగలోకే సాల్వెంటు లేచిపోతుంది. లోహాల పరీక్ష సీసాలో ల్యాబు వాళ్లు ముందే కొంచెం యాసిడ్ వేసి ఇస్తారు, దాన్ని కడగకూడదు. అన్నీ ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చండి. సీసా మీద చోటు, తేదీ, గంట, బోరు లోతు రాయండి. పడుతున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి.

ల్యాబులో ‘వాటర్ టెస్ట్ చేయండి’ అంటే మళ్లీ అదే మామూలు జాబితా చేస్తారు. ఇలా అడగండి: సీఓడీ (నీళ్లలోని కర్బన పదార్థాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె), ఫినాల్, వీఓసీ (అంటే ఆవిరయ్యే సాల్వెంట్లు, గ్యాస్ క్రొమటోగ్రఫీ మీద చేస్తారు), సీసం, నికెల్, క్రోమియం, ఆర్సెనిక్, వీటితోపాటు ఫ్లోరైడ్, నైట్రేట్. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబు కావాలి, అది కూడా ఆ ప్రత్యేక పరీక్షకు గుర్తింపు ఉందో లేదో అడగాలి. వీఓసీ పరీక్షకు వేలల్లో అవుతుంది, ఒక్క ఇంటికి భారం. వార్డులో ఇరవై ఇళ్లు కలిస్తే పెద్ద ఖర్చు కాదు. అంత డబ్బు కుదరకపోతే ముందు సీఓడీ ఒక్కటైనా చేయించండి. అది చవక. మంచి బోరు నీళ్లలో సీఓడీ దాదాపు ఉండదు. పదుల్లో వచ్చిందంటే ఆ నీళ్లలో రాయి నుంచి వచ్చిన ఉప్పు కానిదేదో కలిసిందని గట్టి సూచన. తక్కువ వస్తే మాత్రం నిశ్చింత పడకండి, కొన్ని పదార్థాలు సీఓడీలో కనిపించనంత తక్కువ మోతాదులోనే హాని చేస్తాయి.

పక్క బోర్లు కూడా చూడండి. మన దగ్గర నేల కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు ఇసుకలో పాకినట్టు అన్ని వైపులకూ సమంగా పాకవు, రాతి పగుళ్లు ఎటు తీసుకెళ్తే అటు పోతాయి. ఫ్యాక్టరీకి దగ్గరున్న బోరు శుభ్రంగా ఉండి, దూరంగా ఉన్నది పాడైన ఊళ్లు నేను చూశాను. యాభై గజాల తేడాలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. అందుకే ‘ఫ్యాక్టరీ పక్కవాళ్లకే ఏమీ కాలేదు, మీకెలా అవుతుంది’ అని ఎవరైనా అంటే ఆ వాదన నిలబడదు.

ఆర్‌ఓ ఎందుకు తొందరపడి కొనొద్దన్నానంటే, దాని బలం వేరే చోట ఉంది. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం, ఆర్సెనిక్ లాంటివాటిని మంచి మెంబ్రేన్ (ఆర్‌ఓలోని అతి సన్నని వడపోత పొర) చాలావరకు ఆపుతుంది. చిన్న అణువులున్న, కరెంటు ఆవేశం లేని సాల్వెంట్లు దానిలోంచి జారిపోతాయి. వాటిని కొంతవరకు పట్టేది అందులోని బొగ్గు క్యాండిల్. ఆ బొగ్గు కూడా టోలూన్‌ను బాగా పట్టుకుంటుంది, మిథనాల్ లాంటివాటిని పట్టుకోలేదు. పైగా బొగ్గు నిండిపోయినప్పుడు ఏ లైటూ వెలగదు. నిండాక వచ్చేదాన్ని వచ్చినట్టే వదిలేస్తుంది. యూవీ దీపం క్రిములకే, కెమికల్‌కు దాంతో పనిలేదు. రాగి బిందె, పటిక, గుడ్డ వడకట్టడం కూడా ఇక్కడ పనికిరావు. ఏమున్నాయో తెలియని నీళ్లకు సరిపోయే ఇంటి ఫిల్టరు లేదు. నీళ్లు మార్చడమే దారి.

వేరే నీళ్లంటే ఎక్కడివి? మీ ప్రాంతానికి మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తాయి. మీ వార్డుకు బోరు నీళ్లే ఎందుకు ఎక్కిస్తున్నారో అడగండి. నేనొక ఊళ్లో చూసిందిది: ట్యాంకులోకి నది నీళ్లు వస్తున్నాయని రికార్డు, జనం కూడా అదే నమ్మారు. సరఫరా తగ్గిన రోజుల్లో పాత బోరు మోటరు వేసి అదే ట్యాంకు నింపేవారు. నమూనా తీసే రోజు నది నీళ్లు, మిగతా రోజుల్లో కలగలుపు. పాత బోరు వాల్వు తీసేసి మూత బిగించాకే ఆ సమస్య పోయింది. ఇక ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించుకునేటట్టయితే, ఆ ప్లాంటు ఏ బోరు నీళ్లు వాడుతోందో వెళ్లి చూడండి. మీ ఊరి బోరునే ఫిల్టరు చేసి క్యానులో పోస్తుంటే మీరు అవే నీళ్లు డబ్బులిచ్చి కొంటున్నట్టు.

పాప గురించి. మీ పాలే పడుతుంటే అవే చాలు, ఐదు నెలలకు విడిగా నీళ్లు అవసరం లేదని పిల్లల డాక్టర్లే చెబుతారు. డబ్బా పాలు కలుపుతుంటే మాత్రం ఆ నీళ్లు చాలా ముఖ్యం. ఇక్కడ సాల్వెంట్లకంటే ముందు నాకు గుర్తొచ్చేది నైట్రేట్. పశువుల కొట్టాలు, సెప్టిక్ ట్యాంకులు, యూరియా పడే పొలాల దగ్గరి బోర్లలో అది ఎక్కువ. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు కూడా లేదు. పెద్దవాళ్లు తట్టుకున్నా, ఆరు నెలల్లోపు పిల్లల్లో రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. పెదాలు, గోళ్లు నీలంగా అనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి, నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి.

మీది నల్గొండ వైపే కాబట్టి ఫ్లోరైడ్ సంగతి వదలలేను. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఎవరూ పారబోసింది కాదు, రాయిలోంచే నీళ్లలోకి దిగుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల గురించి. తర్వాత మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి పేర్లు దేశమంతటికీ తెలిశాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే తాగకూడదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పళ్లు తయారవుతున్న వయసులో ఎక్కువైతే ఆ పసుపు, గోధుమ చారలు జీవితాంతం పోవు. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. వంగిన నడుముతో, మెడ తిప్పలేక శరీరం మొత్తం తిరిగి మాట్లాడేవాళ్ల ఎదురుగా కూర్చుని నేను నమూనాలు రాసుకున్నాను. ఇవాళ నీళ్లకు వాసన వస్తోంది కాబట్టి మీరు అడిగారు. వాసన లేని రోజుల్లో ఆ బోరు ఎలా ఉండేదో కూడా ఈ పరీక్షతో తెలుస్తుంది.

ఇక ఎవరికి చెప్పాలి? మున్సిపల్ కమిషనర్‌కు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, జిల్లా కలెక్టర్‌కు ఒకే దరఖాస్తు రాసి, మూడు చోట్లా రశీదు తీసుకోండి. అందులో ఫలానా ఫ్యాక్టరీయే చేసిందని రాయకండి. మీ దగ్గర రుజువు లేదు, అది రాయగానే చర్చ నీళ్ల మీంచి ఫ్యాక్టరీ పరువు మీదకు పోతుంది. రెండు విషయాలు అడగండి. ఒకటి, ఈ బోరు వెంటనే ఆపి వేరే నీళ్లివ్వండి. రెండు, మండలి అధికారి స్వయంగా వచ్చి నమూనా తీయాలి. ఫ్యాక్టరీ వదిలే వ్యర్థజలాల విషయంలో 1974 నీటి చట్టం ప్రకారం అధికారి పద్ధతిగా తీసి, సీలు వేసిన నమూనాకే కోర్టులో విలువ. మీరు సొంతంగా చేయించిన రిపోర్టు వాళ్లను కదిలించడానికి పనికొస్తుంది.

దోషి తేలేదాకా ఆగితే ఎంతకాలం పడుతుందో హైదరాబాద్ పక్కనున్న పారిశ్రామికవాడ పటాన్‌చెరు చెబుతుంది. అక్కడి కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు, హైకోర్టుకు మారి, గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పుకు వచ్చింది. ఈలోపు 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని చూపించారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల జాడ కనిపించింది. అందుకే మంచినీళ్ల డిమాండును, దోషి ఎవరన్న ప్రశ్నను వేరుచేయండి. మొదటిది ఈ వారంలో కావాలి.

రెండోదానికి ఒక ఉదాహరణ. ఒక ఊళ్లో ఇలాగే వాసన వచ్చేది, అధికారులు వచ్చిన రోజు మాత్రం ఉండేది కాదు. అక్కడి స్కూలు టీచరు ఒకావిడ గోడ క్యాలెండరు మీద రోజూ గుర్తు పెట్టారు. వాసన ఉంటే టిక్కు, వాన పడితే చుక్క. నాలుగు నెలల తర్వాత చూస్తే చుక్క పడిన రెండు మూడు రోజులకే టిక్కులు వరుసగా ఉన్నాయి. ఊరి పైన పాత క్వారీ గుంత ఒకటుంది. రాత్రిళ్లు ట్యాంకర్లు అందులో వదిలి పోయేవి, వాన పడితే అదంతా పగుళ్లలోకి దిగేది. ఆ క్యాలెండరు చూసి, పెద్ద వాన పడిన మూడో రోజున నమూనా తీస్తే దొరికింది. మీరూ ఈ రోజు నుంచి రాయండి: ఏ రోజు, ఏ గంటకు, ఎంత వాసన, వాన పడిందా, మోటరు ఎంతసేపు నడిచింది.

ఒక్క జాగ్రత్త. వార్డులో ఎవరికి కళ్లు తిరిగినా, వాంతులైనా నీళ్లవల్లే అని ముందే తేల్చేయకండి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం లాంటివాటితో ఆసుపత్రుల పాలైతే అందరి చూపూ ముందు నల్లా నీళ్ల మీదే పడింది. నీటి మొదటి పరీక్షలు మామూలుగానే వచ్చాయి. ఢిల్లీ ఎయిమ్స్ రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీదా అనుమానాలొచ్చాయి. నీళ్లనే పట్టుకుని కూర్చుంటే మిగతావి చూడకుండా పోతాయి. జబ్బుపడినవాళ్లను డాక్టరుకు చూపించండి, నీళ్ల రిపోర్టు కూడా వాళ్లకివ్వండి.

రిపోర్టు వచ్చాక ల్యాబు పేరు, మీ ఊరి పేరు కొట్టేసి అంకెలు ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను. సీఓడీ, ఫినాల్ అంకెలు ముందు వస్తాయి, వీఓసీకి వారం పది రోజులు పట్టవచ్చు. అవి వచ్చేదాకా ఆగకుండా ఈ సాయంత్రమే పాప పాలకు, మీ వంటకు నీళ్లు మార్చండి.